స్విఫ్ట్ నుంచి టీ-72 దాకా: స్పెక్ షీట్ చూసి ఇంజిన్ ఎంత కష్టపడుతోందో లెక్కేయడం ఎలా

మారుతి స్విఫ్ట్‌లో చాలా ఏళ్లు వచ్చిన 1.3 డీజిల్ ఇంజిన్ 1248 సీసీ, 75 పీఎస్ ఇచ్చేది. మన సైన్యం వాడే టీ-72 అజేయ ట్యాంకులోని వీ-46 ఇంజిన్ 38.8 లీటర్లు, 780 హార్స్‌పవర్. సైజులో ముప్ఫై ఒక్క రెట్లు పెద్దది, పవర్‌లో మాత్రం పది రెట్లే ఎక్కువ. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ట్యాంకు ఇంజిన్ పాతకాలపు సరుకు అని తేల్చేసేవాళ్లు ఉన్నారు, చిన్న కారు ఇంజిన్ మూడు రోజుల ముచ్చట అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ లెక్క వేయకుండానే మాట్లాడుతున్నారు. స్పెక్ షీట్‌లో ఉండే నాలుగైదు అంకెలు, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే ఇంజిన్ ఎంత కాంపాక్టో, అలా ఉండటానికి ఏం ఖర్చు పెట్టిందో ఎవరైనా చూసుకోవచ్చు. ముందు ట్యాంకులతో చేసి చూపిస్తాను, చివర్లో మీ కారుకు చేసుకోండి.

ముందు కావాల్సిన అంకెలు

బోర్, అంటే సిలిండర్ వ్యాసం. స్ట్రోక్, అంటే పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం. ఎన్ని సిలిండర్లు, గరిష్ఠ పవర్ ఎంత, అది ఏ ఆర్పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) ఎంత. ఇంకొకటి, టూ స్ట్రోకా (ప్రతి చుట్టుకీ ఇంధనం మండేది), ఫోర్ స్ట్రోకా (రెండు చుట్లకి ఒకసారి మండేది). కారుకైతే ఇవి చాలావరకు ఓనర్స్ మాన్యువల్ చివరి పేజీల్లో దొరుకుతాయి. ఆర్పీఎమ్ రాయకుండా పవర్ ఒక్కటే ఇచ్చిన షీట్‌ని పక్కన పెట్టేయండి, దానితో ఒత్తిడి లెక్క, పిస్టన్ వేగం లెక్క ముందుకు సాగవు.

యూనిట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కొన్ని బ్రోషర్లు కిలోవాట్లలో ఇస్తాయి, కొన్ని పీఎస్‌లో, కొన్ని బీహెచ్‌పీలో. 1 కిలోవాట్ అంటే 1.36 పీఎస్. పీఎస్‌కీ బీహెచ్‌పీకీ తేడా ఒకటిన్నర శాతం లోపే కాబట్టి మన లెక్కకు రెండూ ఒకటే అనుకోవచ్చు.

సీసీ నిజమో కాదో కూడా మీరే చూసుకోవచ్చు. బోర్‌ని బోర్‌తో గుణించి, 0.785తో, స్ట్రోక్‌తో, సిలిండర్ల సంఖ్యతో గుణించాలి, కొలతలన్నీ సెంటీమీటర్లలో. మారుతి కే10 పెట్రోల్ ఇంజిన్‌కి బోర్ 7.3, స్ట్రోక్ 7.94, మూడు సిలిండర్లు. గుణిస్తే 997 దగ్గర వస్తుంది, కంపెనీ చెప్పేది 998. ఇది సరిపోయిందంటే మీ దగ్గరున్న అంకెలు నమ్మదగ్గవే.

లీటరుకి ఎంత పవర్: మొదటి లెక్క, అందరూ ఇక్కడే ఆగిపోతారు

పవర్‌ని లీటర్లతో భాగించండి. స్విఫ్ట్ డీజిల్‌కి 60 వస్తుంది. టీ-72కి 20. టీ-90 భీష్మలోని వీ-92ఎస్2 అదే 38.8 లీటర్ల కుటుంబానిదే, కాకపోతే టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి తోసే పరికరం) పెట్టి 1000 హార్స్‌పవర్ చేశారు, దానికి దాదాపు 26. జర్మనీ లెపర్డ్ 2 ట్యాంకులోని ఎమ్‌టీయూ కంపెనీ ఎంబీ 873 ఇంజిన్‌కి 47.6 లీటర్లు, 1500 పీఎస్, అంటే 31.5. అదే కంపెనీ తర్వాత చేసిన ఎంటీ 883 అదే 1500 పీఎస్‌ని 27.4 లీటర్లలోనే తీసింది, లీటరుకి 55. దక్షిణ కొరియా కే2 తొలి ట్యాంకుల్లోనూ, ఇజ్రాయెల్ మెర్కావా 4లోనూ ఉన్నది ఈ ఇంజినే.

మన అర్జున్ ఇంజిన్ ఈ విషయంలో చూడదగ్గది. ఎంబీ 838, పది సిలిండర్లు, 37.4 లీటర్లు. ఇదే ఇంజిన్ 1960ల నాటి లెపర్డ్ 1లో 830 పీఎస్ ఇచ్చేది, అర్జున్‌లో 1400 ఇస్తోంది. లీటర్లు మారలేదు, లోపలికి తోసే గాలి మారింది. అందుకే సీసీ చూసి ఇంజిన్‌ని అంచనా వేయడం నాకు అస్సలు నచ్చదు. సీసీ అంటే గది కొలత, అందులో ఎంత గాలి కుక్కారో అది చెప్పదు.

ఎంత గాలి కుక్కారో, లోపల ఎంత ఒత్తిడి పడుతోందో చెప్పే లెక్క వేరే ఉంది.

పిస్టన్ మీద సగటు ఒత్తిడి

ఇంజినీర్లు దీన్ని బీఎమ్ఈపీ అంటారు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌కి సూత్రం ఇది: 883ని పీఎస్‌తో గుణించండి, వచ్చినదాన్ని ఆర్పీఎమ్‌తో, తర్వాత లీటర్లతో భాగించండి. జవాబు బార్లలో వస్తుంది, ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి. టూ స్ట్రోక్ అయితే 883 బదులు 441 పెట్టాలి, ఎందుకంటే అందులో పిస్టన్ ప్రతి చుట్టులోనూ పని చేస్తుంది.

టీ-72కి చేద్దాం. 883 × 780 ÷ 2000 ÷ 38.8. దాదాపు 9 బార్. టీ-90కి 11.4. లెపర్డ్ 2కి 2600 ఆర్పీఎమ్ దగ్గర 10.7. స్విఫ్ట్ డీజిల్‌కి 4000 ఆర్పీఎమ్ దగ్గర 13.3. మొదటి లెక్కలో స్విఫ్ట్ టీ-72 కంటే మూడు రెట్లు ముందుంది కదా, ఇక్కడ చూస్తే ఒకటిన్నర రెట్లే. మిగతా తేడా అంతా ఆర్పీఎమ్‌ది: చిన్న ఇంజిన్ నిమిషానికి రెండింతలు ఎక్కువ తిరుగుతోంది, అందుకే లీటరుకి పవర్ ఎక్కువ కనిపిస్తోంది.

ఎంటీ 883కి ఇదే లెక్క 2700 ఆర్పీఎమ్‌తో చేస్తే దాదాపు 18 బార్. అక్కడ నిజంగానే లోపల ఒత్తిడి పెంచారు. ఫ్రాన్స్ వాళ్ల లెక్లెర్ ట్యాంకు ఇంకా చాలా దూరం వెళ్లింది: ఎనిమిది సిలిండర్లు, 16.5 లీటర్లు, 2500 ఆర్పీఎమ్ దగ్గర 1500 హార్స్‌పవర్. లెక్క వేస్తే 32 బార్! మామూలు టర్బోతో అంత గాలి అందదు, అందుకని ఇంజిన్ పక్కన ఒక చిన్న గ్యాస్ టర్బైన్ పెట్టి, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా గాలి ఒత్తిడి పడిపోకుండా చూశారు. దాన్ని హైపర్‌బార్ అంటారు. ఇంజిన్ చిన్నదైంది, దాంతో ట్యాంకు పొడవు తగ్గింది, కానీ ఒక మెషిన్ ఉండే చోట రెండు మెషిన్లు వచ్చాయి. ఎంటీ 883తో కూడిన పవర్ ప్యాక్ (ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి బిగించిన యూనిట్) ఉన్న లెక్లెర్‌ని యూఏఈ కొనుక్కుంది. ఎడారి దేశం అలా ఎంచుకోవడంలో నాకేమీ ఆశ్చర్యం లేదు.

పిస్టన్ సగటు వేగం

స్ట్రోక్ మిల్లీమీటర్లలో తీసుకుని ఆర్పీఎమ్‌తో గుణించి 30,000తో భాగించండి. సెకనుకి ఎన్ని మీటర్లో వస్తుంది. టీ-72కి 12. లెపర్డ్ 2కి 15.2. ఎంటీ 883కి 12.6. స్విఫ్ట్ డీజిల్‌కి 10.9. కే10 పెట్రోల్‌కి 5500 ఆర్పీఎమ్ దగ్గర 14.6.

ఈ లెక్క నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇక్కడ ట్యాంకూ కారూ దాదాపు ఒకే వరుసలో నిలబడతాయి. టీ-72 ఇంజిన్ 2000 ఆర్పీఎమ్‌లో తాపీగా తిరుగుతోందని అనుకుంటాం, కానీ దాని స్ట్రోక్ 180 మిల్లీమీటర్లు, లోపల పిస్టన్ స్విఫ్ట్ పిస్టన్ కంటే వేగంగానే పోతోంది. పెద్ద ఇంజిన్‌ని ఎక్కువ ఆర్పీఎమ్ తిప్పలేకపోవడానికి కారణం ఇదే. పిస్టన్ ప్రతి స్ట్రోక్ చివరా ఆగి వెనక్కి తిరగాలి, బరువు పెరిగేకొద్దీ ఆ ఆగడంలో కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి, అంటే పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసుకి కలిపే కడ్డీ) మీద పడే బలం పెరిగిపోతుంది. పవర్ ఎక్కువ కావాలి, ఇంజిన్ చిన్నగా ఉండాలి అంటే ఒక దారి సిలిండర్లని చిన్నవి చేసి వేగంగా తిప్పడం. జర్మనీ ప్యూమా వాహనంలో పెట్టిన ఎమ్‌టీయూ 890 కుటుంబం ఆ దారే పట్టింది: పది సిలిండర్లు, ఒక్కోటీ సుమారు లీటరు, 4250 ఆర్పీఎమ్, 800 కిలోవాట్లు. డీజిల్ కారు తిరిగేటంత వేగం అది.

ఆకారం కూడా చూడాలి

లీటర్లు, బార్లు బాగానే ఉన్నాయి, కానీ ట్యాంకు డిజైనర్‌కి కావాల్సింది ఇంజిన్ ఎంత ఎత్తు, ఎంత పొడవు, ఎలా పడుకుంటుంది అన్నది. చుట్టూ ఉక్కు కవచం కట్టాలి కాబట్టి ఒక్క అడుగు పొడవు పెరిగినా టన్నుల లెక్కలో బరువు పెరుగుతుంది.

మనకి దగ్గరి ఉదాహరణ సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఉంది. అక్కడి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే, సైనికుల్ని మోసే కవచ వాహనం బీఎంపీ-2 సరథ్‌లో యూటీడీ-20 అనే ఇంజిన్ ఉంటుంది. 15.9 లీటర్లు, 300 హార్స్‌పవర్, టర్బో లేదు, ఒత్తిడి లెక్క వేస్తే 6.4 బార్ మాత్రమే. అంకెల్లో నీరసంగా ఉంది. కానీ దాని ఆరు సిలిండర్లని రెండు వరుసలుగా చేసి మధ్య కోణాన్ని 120 డిగ్రీలకి తెరిచారు. దాంతో ఇంజిన్ బల్లపరుపుగా పడుకుని, ముందు భాగంలో డ్రైవర్ పక్కన ఒదిగిపోతుంది, వెనకంతా సైనికులకి ఖాళీ. నీళ్లలో తేలాల్సిన, ఎత్తు తక్కువ ఉండాల్సిన బండికి ఇది సరైన కాంపాక్ట్ ఇంజిన్ అని నేనంటాను, లీటరుకి 19 హార్స్‌పవరే ఇచ్చినా సరే.

ఆకారంతో ఇంకా పెద్ద ఆట ఆడినవాళ్లు సోవియట్ కాలపు ఖార్కివ్ (ఉక్రెయిన్) ఇంజినీర్లు. టీ-64 ట్యాంకు కోసం వాళ్లు చేసిన 5టీడీఎఫ్‌లో ఐదు సిలిండర్లు, పది పిస్టన్లు. ఒక్కో సిలిండర్‌లో రెండు పిస్టన్లు ఎదురెదురుగా వచ్చి మధ్యలో ఇంధనం మండుతుంది. సిలిండర్ హెడ్ లేదు, వాల్వులు లేవు, రెండు చివర్లా రెండు క్రాంక్ షాఫ్ట్‌లు. టూ స్ట్రోక్, 13.6 లీటర్లు, 2800 ఆర్పీఎమ్ దగ్గర 700 హార్స్‌పవర్, ఎత్తు 60 సెంటీమీటర్ల లోపు! 441తో లెక్క వేయండి, 8 బార్ చుట్టూ వస్తుంది. అంటే ఒత్తిడి పెంచకుండానే లీటరుకి 51 తీశారు, ప్రతి చుట్టూ పని చేయించడం వల్ల. మొదట్లో ఈ ఇంజిన్ చాలా ఇబ్బంది పెట్టింది, నమ్మకంగా పనిచేయడానికి ఏళ్లు పట్టింది. అందుకే రష్యాలోని నిజ్నీ తగిల్ ఫ్యాక్టరీ అదే ట్యాంకు వెనక భాగాన్ని పెంచి పాత, పెద్ద, అలవాటైన వీ-12 (V ఆకారంలో పన్నెండు సిలిండర్లు) కుటుంబపు ఇంజిన్ పెట్టి టీ-72 చేసింది. మనం కొన్నది, ఆవడిలో కట్టింది ఈ టీ-72నే. పాకిస్తాన్ తర్వాత తీసుకున్న టీ-80యూడీ, వాళ్ల అల్ ఖాలిద్ మాత్రం ఆ ఖార్కివ్ ఎదురెదురు పిస్టన్ల వంశంలోని 6టీడీ ఇంజిన్లతో నడుస్తాయి. మన దగ్గర కూడా ఎదురెదురు పిస్టన్ల ఇంజిన్ ఉండేది, ఆవడిలో తయారైన విజయంతలో లేలాండ్ ఎల్60.

కారు ఇంజిన్‌నే ట్యాంకులో పెడితే

ఇది కల్పన కాదు, చాలాసార్లు జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాకి ట్యాంకు ఇంజిన్లు చాలక, క్రైస్లర్ ఐదు ఆరు-సిలిండర్ కారు ఇంజిన్లని ఒకే క్రాంక్ కేస్ చుట్టూ బిగించి ముప్ఫై సిలిండర్ల ఏ57 చేసింది. షర్మన్ ఎం4ఏ4లో అదే ఉంది, దాని కోసం ట్యాంకు శరీరాన్నే పొడిగించాల్సి వచ్చింది. ఎం5 స్టువర్ట్‌లో, ఎం24 చాఫీలో రెండేసి కాడిలాక్ కారు వీ8 ఇంజిన్లు, వాటితో పాటు కారులోని ఆటోమేటిక్ గేర్‌బాక్సులే పెట్టారు. 1971 నవంబరులో గరీబ్‌పూర్ దగ్గర మన 45 కావల్రీ రెజిమెంట్ పీటీ-76 ట్యాంకులు ఎదుర్కొన్నవి పాకిస్తాన్ చేతిలోని ఈ చాఫీలనే. పీటీ-76 ఇంజిన్ టీ-34 నాటి వీ-2 వీ-12లో సగం, ఆరు సిలిండర్ల వరుస. ఒక వైపు కారు ఇంజిన్ల జోడీ, ఇంకో వైపు ట్యాంకు ఇంజిన్‌లో సగం.

కాడిలాక్ దగ్గర ఒక పాఠం ఉంది. అదే 5.7 లీటర్ల ఇంజిన్ కారు బ్రోషర్‌లో 150 హార్స్‌పవర్ అని ఉండేది, ట్యాంకు పత్రాల్లో 110. ఇంజిన్‌ని ఎవరూ నీరుగార్చలేదు. పాత అమెరికన్ కార్ల అంకెలు గ్రాస్, అంటే ఫ్యాను, సైలెన్సర్ లాంటివి తీసేసి బెంచ్ మీద కొలిచినవి. ట్యాంకుకి ఇచ్చింది నెట్, అన్నీ బిగించాక మిగిలేది. పాత ఇంజిన్లని పోల్చేటప్పుడు రెండూ ఒకే రకం అంకెలేనా అని తప్పకుండా చూసుకోండి, లేకపోతే మూడో వంతు దాకా తేడా మీ లెక్కలోనే దూరిపోతుంది.

బ్రిటన్ స్కార్పియన్ తేలికపాటి ట్యాంకులో జాగ్వార్ ఎక్స్‌కే 4.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఉండేది, ఈ-టైప్ స్పోర్ట్స్ కారులోదే. కారులో 265 గ్రాస్, ట్యాంకులో 190. ఇక్కడ గ్రాస్ నెట్ తేడాతో పాటు నిజంగానే తగ్గించారు: సైన్యం దగ్గర దొరికే తక్కువ ఆక్టేన్ పెట్రోల్‌తో నడవాలని కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లో గాలినీ పెట్రోల్‌నీ ఎన్ని రెట్లు నొక్కుతారో ఆ అంకె) 7.75కి దించారు. ఎనిమిది టన్నుల బండి, గంటకి 80 కిలోమీటర్లు. 1982లో ఫాక్‌లాండ్స్ బురదలో కూడా పనిచేసింది. తర్వాత కాలంలో ఇదే కుటుంబపు బండ్లకి కమిన్స్ డీజిల్ ఇంజిన్లు వచ్చాయి. కవచం లోపల పెట్రోల్‌తో కూర్చోవడం ఎవరికి ఇష్టం!

మొత్తం గదిని కొలవండి

ఇంజిన్ ఒక్కదాని సైజు చూసి సంబరపడకండి. రేడియేటర్లు, ఫ్యాన్లు, ఎయిర్ ఫిల్టర్లు, గేర్‌బాక్స్, ఇంధనం అన్నీ కలిపి ఎంత చోటు తింటున్నాయో అదే అసలు కొలత. అమెరికా ఎం1 ఏబ్రమ్స్ గ్యాస్ టర్బైన్ 1500 హార్స్‌పవర్ ఇస్తుంది, బరువు 1134 కిలోలు, లెపర్డ్ 2 డీజిల్ దీనికి రెట్టింపు కంటే ఎక్కువ తూగుతుంది. కానీ ఏబ్రమ్స్ మోసుకెళ్లే ఇంధనం దాదాపు 1900 లీటర్లు, లెపర్డ్ 2ది 1200 లీటర్ల దరిదాపు, అయినా ఎక్కువ దూరం వెళ్లేది లెపర్డే. ఇంజిన్ దగ్గర ఆదా చేసిన చోటు ఇంధనానికి పోయింది, గాలి ఫిల్టర్లకి పోయింది.

కారు గరిష్ఠ పవర్ వాడేది కొన్ని సెకన్లు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు. ట్యాంకు రాజస్థాన్ ఇసుకలో గంటల తరబడి దాదాపు పూర్తి లోడ్ మీద ఉంటుంది, బయట 45 డిగ్రీలు దాటిన ఎండ, గాలి రావడానికి జాలీల సందులే. టీ-72 ఇంజిన్‌ని తక్కువ ఒత్తిడిలో ఉంచడానికి ఇదీ ఒక కారణం. స్విఫ్ట్ ఇంజిన్‌ని అలా నడిపితే ముందు చేతులెత్తేసేది రేడియేటర్. మన దేశంలోనే 1500 హార్స్‌పవర్ ట్యాంకు ఇంజిన్ 2024 మార్చిలో మైసూరు బీఈఎంఎల్‌లో మొదటిసారి స్టార్ట్ చేశారు. నాకు చాలా సంతోషం వేసింది, అయితే టెస్ట్ బెడ్ మీద 1500 రావడం ఒక మెట్టు, ఎడారిలో మూత వేసిన గదిలో రావడం ఇంకో మెట్టు.

ఇప్పుడు మీ కారుకి

ఇక్కడ గరిష్ఠ టార్క్ వాడండి, రోజూ మీ ఇంజిన్ పడే అసలు ఒత్తిడి అక్కడే తెలుస్తుంది. న్యూటన్ మీటర్లని లీటర్లతో భాగించి 0.1257తో గుణించండి. కే10 పెట్రోల్, 89 న్యూటన్ మీటర్లు: 11 బార్. స్విఫ్ట్ డీజిల్, 190: 19 బార్. హ్యుందాయ్ 1.0 టర్బో పెట్రోల్, 172: దాదాపు 22 బార్.

10 నుంచి 12 మధ్య ఉంటే అది టర్బో లేని మామూలు పెట్రోల్, ఇంజిన్ మీద పెద్ద భారం లేదు, ఆయిల్ టైముకి మార్చుకుంటూ పోతే చాలు. 17 దాటితే మీది గాలి కుక్కిన ఇంజిన్, దాన్ని అలాగే చూసుకోవాలి. మాన్యువల్‌లో రాసిన గ్రేడ్, స్పెసిఫికేషన్ ఉన్న ఆయిలే పోయించండి, మెకానిక్ దగ్గర డబ్బాలో ఉన్నది కాదు. ఐదో గేర్‌లో 1200 ఆర్పీఎమ్ దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి లాగించకండి, చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లలో ఆ స్థితిలోనే స్పార్క్ కంటే ముందే మండిపోయే ప్రమాదం ఎక్కువ, పిస్టన్లు పగిలేది అలాగే, గేర్ తగ్గించండి. హైవే మీద గట్టిగా నడిపి దాబా దగ్గర ఆగినప్పుడు ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచి ఆపండి, వేడెక్కిన టర్బో బేరింగ్‌లో ఆయిల్ మాడిపోకుండా. ఇంటర్‌కూలర్ (టర్బో తోసే గాలిని చల్లబరిచేది), రేడియేటర్ ముందు దుమ్మూ పురుగులూ పేరుకుంటే సర్వీసులో కడిగించండి.

ఎవరైనా రీమ్యాప్ చేసి (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి) టార్క్ పెంచుతామంటే, వాళ్లు చెప్పే కొత్త టార్క్‌తో ముందు ఇదే లెక్క వేయండి. స్విఫ్ట్ డీజిల్‌ని 240 న్యూటన్ మీటర్లు చేస్తామన్నారనుకోండి, 24 బార్ అవుతుంది. ఒత్తిడి నాలుగో వంతు పెరిగింది, కానీ పిస్టన్, రాడ్, హెడ్ గ్యాస్‌కెట్, క్లచ్, రేడియేటర్ అన్నీ పాతవే. వాటిలో ఏది మారుస్తున్నారో అడగండి. ఏదీ మార్చడం లేదంటే ఆ పనికి మీ బండి ఇవ్వకండి.